గోడ మీది సిల్వెస్టర్

సిల్వెస్టర్ బాంబెనెక్ అందగాడని ఎవరైనా అన్నారంటే వాళ్లు మా వీధి వాళ్లు కాదని అర్థం. వాడి ముక్కు రెండుసార్లు విరిగింది. ఒకసారి ఎడమకి, ఇంకోసారి కుడికి. "లెక్క సరిపోయింది, మళ్లీ మధ్యకొచ్చేసింది" అనేవాడు గానీ, వచ్చింది లేదు. చెవులు రెండూ తలుపులు తీసి వదిలేసిన అల్మరాలా ఉండేవి. ముందు పళ్ల సందులోంచి ఈల వేసేవాడు. ఆ ముఖం వల్ల వాడికి కలిగిన లాభం అదొక్కటే. నది పక్కన తోళ్ల కార్ఖానాలో పని. చేతులు మోచేతుల దాకా ఏడాది పొడవునా గోధుమరంగులోనే ఉండేవి, ఎంత రుద్దినా వదిలేది కాదు. వాడు బస్సెక్కితే జనం వెనక్కి జరిగి కూర్చునేవాళ్లు.

వాడి గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటంటే, పెళ్లికి ముందు నుంచీ వాడు నా బారులో, బీరు కుళాయికి ఎదురుగా ఉన్న ఎత్తు స్టూలు మీదే కూర్చునేవాడు. నా పేరు యాద్విగా. అమెరికాలో మిల్వాకీ ఊరికి దక్షిణాన, మా పోలండ్ వాళ్ల పేటలో, చర్చి దాటాక మూల మీదున్న బారు నాది. మా ఆయన పోయాక నేనే నడిపాను. ఎవరికి ఎంత నురగ కావాలో, ఎవరు ఏ గ్లాసు తర్వాత పాట అందుకుంటారో, ఏ పాట తర్వాత వాళ్లని ఇంటికి తోలాలో నాకు తెలుసు. మనిషిని గురించి అంతకంటే తెలుసుకోవాల్సింది ఉంటుందని నేను అనుకోను.

నా బారు గోడలు కనపడేవి కావు. అన్నీ బీరు కంపెనీలవాళ్లు అంటించిపోయిన బొమ్మలే. గ్లాసు పట్టుకుని నవ్వే సినిమా తార ఒకామె. ఆట మానేసిన బేస్‌బాల్ వీరులు ముగ్గురు. చిరుతపులి చర్మం కట్టుకున్న టీవీ కుస్తీ వస్తాదు ఒకడు. అందరి చేతుల్లోనూ బీరు ఉంటుంది, ఒక్కరూ తాగరు. ఆ వస్తాదు గ్లాసులో నురగ నేను చూస్తుండగా ఏళ్ల తరబడి దిగలేదు. అలాంటి బీరుని నేను ఛస్తే నమ్మను.

నేలమాళిగలో మాత్రం ఏ బొమ్మలూ ఉండవు. అక్కడ రెండు పొడవాటి చెక్క దారులు, వాటి చివర సీసాల్లాగా నిలబెట్టిన పదేసి చెక్క పిన్నులు. విడతకి రెండేసి బరువైన బంతుల్ని దొర్లించి వాటిని పడగొట్టాలి, అంతే ఆట. మా పేటలో బారు బారుకీ ఒక జట్టు ఉండేది. గురువారం సాయంత్రాలు ఒక బారు జట్టు ఇంకో బారు మీద ఆడేది, పెద్దమనిషిగా మా చర్చి ఫాదర్ ఇగ్నాట్సీ కూర్చునేవారు. మా జట్టులో ఆఖరి మనిషి సిల్వెస్టర్. ఆఖరి మనిషంటే, మిగతా నలుగురూ తగలేసినదాన్ని సరిదిద్దేవాడన్నమాట. బంతి చేతిలోకి తీసుకోగానే వాడి ముఖం గురించి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ ఒళ్లు వంగడం, ఆ చేయి ఊగడం, బంతి చెక్క మీద చప్పుడు లేకుండా వాలడం చూస్తే, ఈ మనిషిని దేవుడు ముఖం దగ్గర అశ్రద్ధ చేసి మిగతాదంతా తీరిగ్గా చేశాడనిపించేది. కార్ఖానాలో వాడొక నంబరు. ఇంట్లో వాడొక అల్లుడు. ఆ చెక్కదారి దగ్గర మాత్రమే వాడు సిల్వెస్టర్ బాంబెనెక్.

అల్లుడని ఎందుకన్నానంటే, వాడు భార్య రెజీనాతో కాపురం చేసింది అత్తగారింట్లో. ఆ అత్తగారు పెలాజియా. పొట్టిగా, వెడల్పుగా, తలకి రుమాలు కట్టుకుని ఉండే మనిషి. పెళ్లినాడు చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా ఆవిడ అన్న మాట మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"పిల్ల ఒప్పుకుంది కాబట్టి నేనూ ఒప్పుకున్నా. ఫోటోల్లో మాత్రం వీణ్ణి వెనక నిలబెట్టండి."

వెనకే నిలబెట్టారు.

ఇలా జరిగిపోతుండగా గ్రూబ్నర్ బీరు వాళ్లకి బుద్ధి పుట్టింది. మా బారులో పోసేది గ్రూబ్నరే. చిన్న కంపెనీ, మంచి బీరు. వాళ్లు ఓ మాజీ బేస్‌బాల్ వీరుణ్ణి ప్రచారానికి పెట్టుకుంటే, ఆయన తిరనాళ్లలో వేలమంది ముందు గ్లాసెత్తి, ఒక గుటక వేసి, ఆహా అని, పక్క కంపెనీ బీరు పేరు చెప్పాడు. గ్రూబ్నర్ పెద్దాయన ఆ రోజు మంచమెక్కి మళ్లీ ఆదివారం దాకా దిగలేదని విన్నాను. దిగీ దిగగానే, ఇక పెద్ద పేరున్నవాళ్లు వద్దు, పేటకొక్క మనవాణ్ణి పట్టుకోండి, వాణ్ణే గోడకెక్కించండి అన్నాడట.

ఆ కబురు మోసుకొచ్చింది ఎల్మర్, గ్రూబ్నర్ తరఫున బార్లు తిరిగే మనిషి. ఎల్మర్ గుమ్మంలో అడుగుపెడితే లోపలున్న అందరికీ ఒక్కో గ్లాసు వాడి ఖర్చు మీద పోయాలి, అది ఆనవాయితీ. వాణ్ణి మేం ప్రేమించేది అందుకే, వాడిలో ప్రేమించదగ్గది ఇంకేమీ లేదు. వాడొక గాజు జాడీ పెట్టి, మీ పేట వీరుడెవడో సీసా మూతల మీద పేరు రాసి ఇందులో వేయండి అన్నాడు. ఎంత తాగితే అన్ని ఓట్లు. ఇంత న్యాయమైన ఎన్నిక నేను మళ్లీ చూడలేదు. సిల్వెస్టర్ గెలిచాడు. రెండో స్థానం నా కుక్క కపుస్తాకి వచ్చింది. దానికీ వాడికీ మధ్య తేడా చెప్పుకోదగ్గదేమీ కాదు గానీ, గెలుపు గెలుపే.

"ఒక్క చిన్న సంగతి," అన్నాడు ఎల్మర్ గొంతు సవరించుకుని. వాడు గొంతు సవరించుకుంటే ఎవరికో మూడిందన్నమాట. "ఆటలో ఉన్నోళ్లు బీరు బొమ్మలో ఉండకూడదు. పెద్ద పెద్ద ఆటగాళ్లకే అది తప్పలేదు. ఆట మానేశాకే గ్లాసు పట్టుకోవాలి. నువ్వు రిటైరయ్యానని ఒక మాట చెప్పెయ్."

"నేను గ్లాసు పట్టుకోకుండా ఆడిందెప్పుడూ?" అన్నాడు సిల్వెస్టర్ అయోమయంగా.

"తాగితే ఎవడూ ఏమనడు. బొమ్మలో పట్టుకోకూడదు."

"తాగొచ్చు, పట్టుకోకూడదు."

"పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఆడకూడదు. పట్టుకున్నా తాగకూడదు."

"ఇదెక్కడి గోలరా," అన్నాను నేను. "మీ పెద్దాయన ఇంకా మంచం దిగలేదా?"

"మరి ఎన్నాళ్లు?" అన్నాడు సిల్వెస్టర్.

"బొమ్మ గోడ మీదున్నన్నాళ్లే. ఈస్టర్ పండగకి తీసేస్తాం. తర్వాత నీ ఇష్టం."

సిల్వెస్టర్ కళ్లు అప్పటికే గోడ మీదికి ఎక్కేశాయి. ఫోటోల్లో ఎప్పుడూ వెనక నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఇంటెత్తు బొమ్మ, అందులో ఒక్కడే. నేనూ తప్పు పట్టలేదు. ఆ గురువారమే జట్టు ముందు నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, "నేను రిటైరయ్యాను" అని చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టి వాడి ఖర్చు మీద తాగారు. ఈస్టర్ దాకా తన సీటు ఖాళీగా ఉంటుందని వాడి ధీమా.

పప్పులో కాలేసింది అక్కడే. మా పేటలో జట్టు సీటు ఖాళీగా ఉండదు. మనిషి తప్పుకుంటే అది వాడి ఇంటికి చెందుతుంది. తండ్రి పోతే కొడుక్కి, అన్న కాలు విరిగితే తమ్ముడికి. ఒకసారి చెందాక, వాళ్లంతట వాళ్లు నోరు తెరిచి తిరిగి ఇస్తే తప్ప ఎవరూ అడగడానికి లేదు. వంకర చూపున్న కొడుకులు ఏళ్ల తరబడి పక్క దారిలో పిన్నులు పడగొట్టినా మేం కిక్కురుమనలేదు. సిల్వెస్టర్‌కి కొడుకుల్లేరు, తమ్ముళ్లు లేరు. రెజీనాకి ఆ చప్పుడంటేనే తలనొప్పి. ఇక ఆ ఇంట్లో మిగిలిందెవరు?

"నేనున్నాగా," అన్నది పెలాజియా.

అందరం వెనక్కి తిరిగాం. ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో కూరల సంచి.

"మీరా అత్తయ్యా?" అన్నాడు సిల్వెస్టర్.

"ఏం, ఆ ఇంట్లో నేను లేనా? మరి నీ చొక్కాలు ఉతికేదెవరనుకున్నావు, దేవదూతలా?"

"బంతి బరువుంటుంది."

"నువ్వంత బరువుంటుందా? ఇన్నేళ్లుగా నిన్ను మోయట్లేదూ?"

ఫాదర్ ఇగ్నాట్సీ కాసేపు గడ్డం గోక్కుని, ఆనవాయితీ ఆనవాయితీయేనని తేల్చారు. పెలాజియా చెప్పులు విప్పి, ఆటకి వాడే బూట్లలో కాళ్లు దూర్చింది. ఆవిడ ఆడే తీరు వేరు. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, బంతిని రెండు చేతులతో పట్టుకుని, కాళ్ల మధ్యలోంచి ముందుకి నెడుతుంది. అది బయల్దేరుతుంది. తీరిగ్గా బయల్దేరుతుంది. నేను పైకెళ్లి, ఒక గ్లాసు నింపి, ఎవరికో ఉప్పులో ఊరిన కోడిగుడ్డు తీసిచ్చి కిందికొచ్చేసరికి ఇంకా దారిలోనే ఉండేది. చివరికి వెళ్లి మెల్లిగా తగిలితే, పిన్నులు ఒకదాని తర్వాత ఒకటి, పెద్దావిడ వచ్చిందని లేచి చోటిచ్చినట్టుగా పక్కకి ఒరిగేవి. మొదటి గురువారమే ఆవిడ గెలిపించింది. మా వాళ్లు ఆవిడని కుర్చీతో సహా ఎత్తారు. కుర్చీ విరిగింది, దాని సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఫోటో తీసిన రోజు నేనూ సిల్వెస్టర్ వెంట వెళ్లాను. బీరు పోయడానికి నన్ను రమ్మన్నారు. ఊరి మధ్యలో ఒక పెద్ద గది, ఎండని మించిన దీపాలు, మెడకి రంగు గుడ్డ చుట్టుకున్న కుర్రాడొకడు. నేను పోసిన బీరు నురగ ఆ దీపాల వేడికి ఇట్టే దిగిపోయింది. మళ్లీ పోశాను. మళ్లీ దిగిపోయింది. ఆ కుర్రాడు ఏం చేశాడో చెప్పమంటారా? జేబులోంచి సీసా తీసి, గ్లాసులో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, పుల్లతో గిలక్కొట్టాడు. నురగ కొండలా లేచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏరా, మీ అమ్మ నీ పాలల్లో కూడా ఇదే కలిపేదా?" అన్నాను.

"మేడమ్, ఇది తాగడానికి కాదు, చూడ్డానికి."

"బీరు చూడ్డానికేంట్రా? చూడ్డానికైతే చర్చిలో కిటికీలున్నాయి."

సిల్వెస్టర్ పొద్దున్నుంచీ ఆ గ్లాసు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడే గుటక వేసినట్టు నవ్వమన్నారు. గుటక వెయ్యకుండా వాడికి ఆ నవ్వు ఎలా వస్తుంది? పళ్లు నొప్పి పుట్టినవాడిలా, బాకీవాణ్ణి చూసినవాడిలా, రకరకాలుగా నవ్వాడు గానీ కావాల్సింది రాలేదు. మధ్యాహ్నానికి గొంతు ఎండిపోయి, ఎవరూ చూడకుండా గ్లాసు మొత్తం ఎత్తేశాడు. తర్వాత వాడు నోరు తెరిచినప్పుడల్లా బుడగలు వచ్చాయి. క్షమించండి అంటే మూడు బుడగలు, మంచినీళ్లు అంటే అంతకంటే పెద్దవి. ఒక బుడగ దీపం దాకా ఎగిరి పేలింది. అంత కడుపు మండినదాన్ని నేనే నేల మీద కూర్చుని నవ్వాను. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడు ఫోటో తీశాడు.

ఆదివారం చర్చి విడిచాక బొమ్మ మీది గుడ్డ లాగారు. బస్సు ఆగే మూల మీద, మందుల షాపు పక్క గోడ. పేటంతా అక్కడే ఉంది. సిల్వెస్టర్ పెళ్లినాటి కోటు వేసుకుని ముందు నిలబడ్డాడు, పక్కన రెజీనా. గుడ్డ జారింది.

బంగారు రంగు జుట్టు, కత్తిలాంటి ముక్కు, తలకి అతుక్కుపోయిన చిన్న చెవులు, ముత్యాల్లాంటి పళ్లు. వాటి మధ్య సందన్నదే లేదు. పాల మీగడ రంగు చేతిలో బీరు గ్లాసు. కింద పెద్ద అక్షరాలతో, మీ పేట వీరుడి బీరు గ్రూబ్నర్.

"బాగున్నాడు," అన్నది మందుల షాపు ఆవిడ. "ఎవరంట?"

"నేనే," అన్నాడు సిల్వెస్టర్.

"మరి నీ బొమ్మ ఎప్పుడు పెడతారు?"

ఎల్మర్ నీళ్లు నమిలాడు. బొమ్మలకి కాస్త మెరుగు పెట్టడం మామూలేనన్నాడు. సిల్వెస్టర్ పరిగెత్తుకెళ్లి నా బారులోంచి ఒక గ్లాసు తెచ్చి, గోడ కింద అదే భంగిమలో నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి చూపించాడు. జనం పైకి చూశారు, కిందికి చూశారు, మళ్లీ పైకి చూశారు. పైనే ఉండిపోయారు. రెజీనా మొగుడి భుజం మీద చెయ్యి వేసి, "గ్లాసు మాత్రం అచ్చు నువ్వు పట్టుకున్నట్టే ఉంది" అంది. పాపం, మంచి మనిషి.

పెలాజియా మాత్రం అందరికంటే ఎక్కువసేపు చూసింది. చూసి, తల పంకించి, మూల దాకా వినపడేలా అంది.

"ఇదిగో, ఇలాంటివాడైతే మా రెజీనాకి ఈడూ జోడూ."

అక్కడితో ఆగిందా? రోజూ కూరలకి వెళ్తూ ఆ గోడ ముందు నిలబడి, "నమస్కారం బాబూ, తిన్నావా?" అని పలకరించేది. వెనకే సంచి మోస్తూ సిల్వెస్టర్ నడుస్తుండేవాడు. వాన పడ్డ రోజు, "పాపం, తడిసిపోయాడు" అందిట. తడిసింది ఇద్దరూ.

ఆ చలికాలమంతా వాడు నేనే నేనే అంటూ తిరిగాడు. టపా మనిషికి చెప్పాడు, బస్సు డ్రైవరుకి చెప్పాడు. కార్ఖానాలో చెబితే, అవునా, నేను రోమ్‌లో పోప్‌ని అన్నారు. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు బస్సు కోసం కావాలని ఆ మూలకే వచ్చి, గోడకేసి చూస్తూ, అడ్డంగా నిలబడ్డ సిల్వెస్టర్‌ని కాస్త పక్కకి జరగమనేవాళ్లు.

అదంతా నవ్వుకోవడానికి బాగుంది. గురువారాలు బాగుండేవి కావు. కింద ఆట జరుగుతుంటే వాడు పైన తన స్టూలు మీద ఒక్కడే కూర్చునేవాడు. పిన్నులు పడ్డప్పుడు ఆ కదలిక నేలలోంచి స్టూలు కాళ్లలోకి వస్తుంది. గ్లాసులో బీరు వణుకుతుంది. వాడు ఆ వణుకు చూసి, "ఏడు పడ్డాయి" అనేవాడు. కాసేపాగి, "ఇది అత్తయ్యది" అనేవాడు. శుక్రవారాలు అందరూ నా దగ్గర వేయించిన చేప, బంగాళాదుంప అట్లు లొట్టలేసుకుంటూ తింటుంటే, వాడు సగం తిని పళ్లెం కపుస్తాకి పెట్టేవాడు. కుక్క బలిసింది, మనిషి చిక్కాడు.

"అడగరా మీ అత్తని," అన్నాను.

"అడిగాను యాద్విగా అక్కా."

"ఏమంది?"

"గోడ నీది, నేలమాళిగ నాది, అంది." వాడు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "ఆవిణ్ణి తప్పు పట్టలేను. ఆ మెట్లు దిగేటప్పుడు చూశావా? అంత సంతోషంగా ఆవిణ్ణి మా ఇంట్లో ఎప్పుడూ చూళ్లేదు. మరి నాకేం మిగిలిందక్కా? ఆ గోడ మీదోడు నేనంటే ఎవరూ నమ్మరు. ఈ కిందోడు నేనంటే నాకే నమ్మకం పోతోంది."

నేను వాడి గ్లాసు నింపాను, నురగ ఒక వేలు ఎక్కువే ఉంచి. ఇంకేం చెయ్యగలను?

ఆఖరి పోటీ ఈస్టర్ ముందు వచ్చింది. ఎదురు వీధి గుటోవ్‌స్కీ బారు మీద, మా నేలమాళిగలోనే, ఆదివారం మధ్యాహ్నం. గెలిచిన బారుకి ఏడాది పొడవునా ఎదుటి బారుని వెక్కిరించే హక్కు, పైగా ఒక పెద్ద పంది తొడ. ఆ బారు నడిపే గుటోవ్‌స్కీది పక్కా లెక్క. అంత నెమ్మదిగా వెళ్లే పెలాజియా బంతి ఎందుకు గురి తప్పదో వాడు కనిపెట్టాడు. చెక్క దారి మధ్యలో చిన్న పల్లం ఉంది, అది బంతిని తీసుకెళ్లి సరిగ్గా పిన్నుల నడుమ వదులుతుంది. పోటీకి రెండు దారులూ చిత్రిక పట్టించి నున్నగా చేయించాలని వాడు ఫాదర్ దగ్గర పట్టుబట్టాడు. చేయించారు. పల్లం పోయింది. ఆ ఉదయం పెలాజియా సరదాకి ఒక బంతి వదిలి చూస్తే అది సగం దూరం వెళ్లి, ఆలోచించి, దారి అంచునుండే కాలవలో దిగింది, ఒక్క పిన్నూ పడలేదు. ఆవిడ బూట్ల తాళ్లు ఇంకాస్త బిగించి కట్టుకుంది.

అందరూ సర్దుకున్నాక మెట్ల మీద సిల్వెస్టర్ కనిపించాడు. చేతిలో బంతి సంచి.

"నాకు ఆడాలనుంది," అన్నాడు. అంతే అన్నాడు.

గుటోవ్‌స్కీ ఒంటికాలి మీద లేచాడు. "కుదరదు ఫాదర్. వాడు రిటైరయ్యాడు. బీరు బొమ్మలో ఉన్నోడు ఆడ్డానికి లేదు. ఆ మూల మీద ఇంటెత్తున నవ్వుతున్నది ఎవడు?"

"ఎవడో," అన్నాడు మా జట్టు నాయకుడు బోలెక్. "మాకైతే తెలీదు."

"మీ పేట వీరుడు అని రాసుందిగా."

"మా పేటలో అంత అందగాడు ఉంటే మీ బారులో మీ ఆడాళ్లు ఉంటారా?"

ఫాదర్ ఇగ్నాట్సీ చెయ్యెత్తారు. ఆయన గ్లాసు పక్కన పెట్టారంటే విషయం ముదిరినట్టే. "సిల్వెస్టర్. నా ముఖం చూసి చెప్పు. ఆ గోడ మీదున్నది నువ్వేనా?"

చలికాలమంతా నేనే నేనే అని గొంతు చించుకున్న మనిషి. కాదు అంటే చాలు, ఆటలోకొస్తాడు. మేమంతా వాడి నోటికేసి చూస్తున్నాం. వాడికి ఫాదర్ ముందు అబద్ధం రాదు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఈసారి బుడగలైనా రాలేదు.

"నాకే తెలీట్లేదు ఫాదర్," అన్నాడు చివరికి.

"ఇదీ ఒక సమాధానమేనా?" అన్నాడు గుటోవ్‌స్కీ.

"అయితే ఇద్దర్నీ రోజూ చూసేవాళ్లు చెప్పాలి," అన్నారు ఫాదర్, పెలాజియా వైపు తిరిగి.

గుటోవ్‌స్కీ ముఖం వెలిగిపోయింది. ఎందుకు వెలగదు? అది అతనే అని ఆవిడ అంటే సిల్వెస్టర్ ఆడడానికి లేదు. కాదు అన్నా సీటు ఆవిడదే, ఆవిడే ఆడుతుంది, ఆవిడ బంతి కాలవలోకే పోతుంది. ఎటు చూసినా వాడికి పంది తొడ ఖాయం. పైగా ఆ గోడ మీదోడి మీద ఆవిడకి ఎంత మోజో పేటంతా వినలేదూ?

పెలాజియా బెంచీ మీద కూర్చుని ఉంది. అల్లుణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. వాడు సంచి పట్టుకుని, ఫోటోలో వెనక నిలబడే అలవాటు కొద్దీ స్తంభం పక్కన ఒదిగి ఉన్నాడు.

"ఆ గోడ మీదోడా?" అంది. "వాడూ వీడూ ఒకటెలా అవుతారు ఫాదర్? వాడు ఎండలో వానలో పళ్లికిలించుకుని నించుంటాడు, అంతే. ఒక్క పూట నా సంచి పట్టుకున్నాడా? మా వాడి ముక్కు చూడండి, ఎన్ని దెబ్బలు తింది. చెవులు చూడండి. చెవులంటే అలా ఉండాలి, పిలిస్తే వినపడ్డట్టు." ఆగింది. "వాడి కంటే మా అల్లుడే బాగుంటాడు."

ఫాదర్ ఇగ్నాట్సీ గ్లాసు ఎత్తి, దాని వెనక కాసేపు ముఖం దాచుకున్నారు.

"అబద్ధమేమీ నాకు కనపడలేదు," అన్నారు తర్వాత. "ఇద్దరూ వేరు. అతను ఆడొచ్చు, సీటు దొరికితే."

పెలాజియా అప్పటికే వంగి బూట్ల తాళ్లు విప్పుతోంది. గట్టిగా కట్టుకుంది కదా, ముడి రాలేదు. ఎవరి సాయమూ వద్దంది. విప్పి, బూట్లు పక్కన జతగా పెట్టి, మేజోళ్లతో నిలబడి, బెంచీ మీద తను కూర్చున్న చోటుని అరచేత్తో తుడిచింది.

"రా సిల్వెక్. సీటు నీది."

అల్లుణ్ణి ఆవిడ ముద్దుపేరుతో పిలవడం అదే మొదటిసారి. వాడు వచ్చాడు. బంతి తీశాడు. ఒళ్లు వంగింది, చెయ్యి ఊగింది. ఆ బంతి చెక్క మీద రెండడుగులు దొర్లి, నేరుగా కాలవలోకి పోయి పడింది. వాడి కళ్ల నిండా నీళ్లున్నాయి, పిన్నులు ఎలా కనిపిస్తాయి?

"వీడా మీ వీరుడు? వీడు ఆటగాడే కాదు," అని గుటోవ్‌స్కీ పగలబడి నవ్వాడు.

పెలాజియా లేచి, తల రుమాలు విప్పి, అందరి ముందూ అల్లుడి ముఖం తుడిచింది. ఆ వంకర ముక్కు, ఆ చెవులు, అన్నీ, చంటిపిల్లాడికి తుడిచినట్టు గట్టిగా.

"ముఖం బాగుందన్నాను గానీ, ఆట బాగుందన్నానా? ఇంకోటి వెయ్," అంది.